వాషింగ్ మెషీను అదురు – షాకబ్జార్బరు కథ

సనత్‌నగరులో 1942లో వెలసిన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారము పేరు చెప్పగానే చాలమందికి రిఫ్రిజిరేటర్లు, ఇనుప బీరువాలు జ్ఞప్తికి వచ్చును. అచ్చట బస్సుల బాడీలు కూడ తయారైనవి. ఆనాటి బస్సుల అడుగున ఉక్కు పట్టీలను దొంతరగా పేర్చి బిగించిన కమాను కట్టలుండెడివి. చక్రము గుంతలో పడినపుడు ఆ పట్టీలు వంగును. వంగునపుడు ఒకదానిపై నొకటి రాసుకొనును. బస్సు గుంత దాటిన తరువాత చాలసేపు ఊగకుండ ఆపునది ఆ రాపిడియే. రాపిడి యనగా శక్తినష్టమని మాత్రమే చదువుకొన్నవారికి ఇది వింతగా తోచవచ్చును. కాని ఇచ్చట ఆ నష్టమే కావలసినది. ఆల్విన్ రిఫ్రిజిరేటరు విభాగము 1990ల దశకములో వోల్టాసు చేతికి పోయినది. కమాను కట్టలోని ఆ రాపిడి మాత్రము నేడు ఆ పరిసరపు ఇండ్లలో, వాషింగ్ మెషీను పొట్టక్రింద, అదే పని చేయుచున్నది.

తడిసిన బట్టలు డ్రమ్ములో ఎన్నడును సమముగా సర్దుకొనవు. అర కిలో బరువుగల తడి తువాలు ఒక ప్రక్కకు చేరినదనుకొందము. కేంద్రమునకు 24 సెంటీమీటర్ల దూరములో, నిమిషమునకు 1000 చుట్ల వేగముతో తిరుగునపుడు ఆ తువాలు డ్రమ్మును బయటకు లాగు బలము సుమారు 130 కిలోల బరువునకు సమానము. ఇద్దరు మనుష్యులు ఒకేసారి లాగినట్లు! అంతేకాదు, ఆ లాగుడు సెకనునకు 16 పర్యాయములకు పైగా డ్రమ్ము చుట్టును దిక్కు మార్చుచుండును.

తిరుగు వస్తువుల ఈ అదురు బట్టల యంత్రము కంటె ముందే ఇంజనీర్లను వేధించినది. ప్రతి ఇరుసునకు ఒక సంధివేగము ఉండును. ఉయ్యాలను దాని లయకు సరిగా త్రోసిన కొలది ఊపు పెరుగునట్లు, ఆ వేగము వద్ద అదురు విపరీతముగా పెరుగును. దానిని దాటి ఏ ఇరుసును తిరుగజాలదని 1869లో రాంకిన్ నిర్ణయించెను. ఆయన సామాన్యుడు కాడు. అందువలన ఆ మాట చాలకాలము నిలిచినది. స్వీడను దేశపు గుస్తాఫ్ ద లావాల్ దానిని లెక్కచేయలేదు. 1878లో పాలనుండి మీగడ తీయు యంత్రమును తెచ్చినవాడు ఈయనే. తన ఆవిరి టర్బైనునకు 1889 ప్రాంతమున ఆయన ఇరుసును లావు చేయుటకు మారుగా సన్నము చేసి, వంగునట్లు అమర్చెను. సంధివేగమును దాటగానే చక్రము తనంతట తాను తన బరువు కేంద్రము చుట్టును తిరుగ నారంభించి, అదురు తగ్గిపోయినది! దీని గణితమును 1895లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫొప్పల్, 1919లో జెఫ్‌కాట్ వివరించిరి.

నేటి వాషింగ్ మెషీనులో జరుగునదియు ఇదే. డ్రమ్మును దాని తొట్టితో సహా పైన స్ప్రింగులతో వ్రేలాడదీయుదురు. తొట్టికి కాంక్రీటు దిమ్మను కట్టి బరువు పెంచుదురు. కావున దాని సంధివేగము మిక్కిలి తక్కువ, సాధారణముగా నిమిషమునకు 100 నుండి 300 చుట్ల మధ్య. బట్టలు పిండు వేగము దానికి ఎంతో పైన ఉండును. అచ్చట యంత్రము శాంతముగానే తిరుగును. ప్రమాదమంతయు ఆ మెట్టు దాటు కొద్ది సెకనులలోనే. షాకబ్జార్బరు పని ఆ కొద్ది సెకనులే.

1937లో అమెరికాలో బెండిక్సు సంస్థ తెచ్చిన తొలి గృహోపయోగ స్వయంచాలక యంత్రమునకు ఈ ఏర్పాటు లేదు. దానిని బోల్టులతో నేలకు బిగించవలసి వచ్చెడిది. అద్దె ఇంటివారి గతి ఏమో!

షాకబ్జార్బరు పుట్టుక మోటారుబండ్లలో. 1900 ప్రాంతమున ఫ్రాన్సులో ట్రుఫో కనిపెట్టిన సాధనములో రెండు చేతులు కలియు కీలువద్ద బిళ్ళలు బిగింపుగా రాసుకొని ఊపును అణచెడివి. తరువాతి దశాబ్దములలో నూనెను సన్నని రంధ్రములగుండ పంపు సాధనములు వచ్చి, కార్లలో రాపిడి బిళ్ళలను త్రోసివేసినవి. బట్టల యంత్రమునకు మాత్రము ఆ పాత రాపిడి పద్ధతియే నచ్చినది. ప్లాస్టిక్ గొట్టములో ఒక కడ్డీ, దాని చుట్టును గ్రీజులో నానిన స్పాంజి పట్టీ, ఇంతే దాని నిర్మాణము. ఇది ఎంత గట్టిగా పట్టిన అంత మేలనుకొనుట పొరపాటు. అతిగా పట్టినచో పిండు వేగమువద్ద అదురంతయు నేలకు దిగును.

పైనుండి బట్టలు వేయు యంత్రములలో తొట్టి నాలుగు కడ్డీలకు వ్రేలాడును. ప్రతి కడ్డీ అడుగున గ్రీజు పూసిన గిన్నె ఈ పని చేయును.

సంవత్సరములు గడచిన కొలది స్పాంజి అణగిపోవును, గ్రీజు ఎండును. అప్పుడు తొట్టి పెట్టె గోడలను కొట్టును, గొట్టములు ఊడును, బేరింగు పాడగును. నున్నని షాబాదు బండలపై యంత్రమే నడచిపోవును. అయితే నడచిన యంత్రమెల్ల షాకబ్జార్బరు అరిగినది కాదు. కాళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నను, క్రొత్త యంత్రమునకు రవాణా బోల్టులు తీయుట మరచినను ఇట్లే గెంతును. ఖాళీ డ్రమ్మును చేతితో క్రిందికి నొక్కి వదలవలెను. ఒక్క ఊపుతో కుదుటపడిన మంచిదే. రెండు మూడు పర్యాయములు ఎగిరినచో అరిగినదని అనుమానింపవచ్చును.

మార్చుటకు ముందు ప్లగ్గు తీసి, కుళాయి కట్టి, నిలిచిన నీటిని తోడివేయవలెను. కాంక్రీటు దిమ్మ బరువు తక్కువది కాదు. యంత్రమును పడుకోబెట్టుటకు ఇద్దరుండవలెను. రేకు అంచులు చేతిని కోయును. తొట్టి అడుగున షాకబ్జార్బరు రెండు చివరల పిన్నుల నాలుక నొక్కి లాగినచో అది ఊడి వచ్చును. పాతదానిని లాగి చూచినచో సైకిలు పంపువలె వదులుగా జారును. క్రొత్తది ఇరువైపుల సమానముగా పట్టుకొనును. అరిగినదానికి నూనె పోసి బాగుచేయ జూచువారున్నారు. నూనె రాపిడిని మరింత తగ్గించును, జబ్బు ముదురును. ఒక్కదానినే మార్చుటయు తగదు. ఒకవైపు గట్టిగా, ఒకవైపు వదులుగా ఉన్న తొట్టి వంకరగా ఊగును. కావున ఆ యంత్రపు మోడలుకు తగినవి జతగా, క్రొత్త పిన్నులతో మార్చవలెను.

ఆపై ఖాళీగా ఒకసారి, నాలుగైదు తువాళ్ళతో ఒకసారి పిండించి, వేగము పుంజుకొను ఆ కొద్ది సెకనులలో తొట్టి గోడను తాకు చప్పుడు వచ్చుచున్నదేమో వినవలెను.