బుర్జ్, బురుజు

దుబాయ్ జుమేరా తీరంలో తెరచాప ఆకారంలో లేచిన హోటల్ పేరును మన పత్రికలు ‘బుర్జ్ అల్ అరబ్’ అని రాస్తాయి. కర్నూలు కొండారెడ్డి బురుజు ఎరిగినవాళ్లకు ఆ పేరులో సగం సొంత మాటే. ‘అరబ్బుల బురుజు’ అని రాసినా తప్పు లేదు. అలా రాస్తేనే నాకు ఇష్టం.

అరబీ ‘బుర్జ్’ పారసీ మీదుగా దక్కను సుల్తానుల కోటల్లోకి, అక్కడి నుంచి మన నోళ్లలోకి వచ్చింది. జంట హల్లుల నడుమ ఒక అచ్చు చేర్చుకోవడం మన నాలుకకు అలవాటు. ‘షర్త్’ను షరతు చేసుకున్నట్టే దీన్నీ బురుజు చేసుకున్నాం. గోల్కొండలో ఫతే రహబర్ ఫిరంగి ఉన్నది పెట్ల బురుజు మీద. తెలంగాణ పల్లెల్లో ఊరి కాపలాకు కట్టిన బురుజులు ఇంకా అక్కడక్కడా నిలిచే ఉన్నాయి. బురుజంటే మనకు తోచేది ఎత్తుకన్నా ముందు లావు. ఫిరంగిని మోయాలి, గుండు దెబ్బకు ఓర్చుకోవాలి. అందుకే కోటగోడలోంచి పొట్టలా ముందుకు వస్తుంది.

అరబీలో ఈ మాట చూపు పైకి. ఆకాశంలోని రాశి కూడా బుర్జే. బహువచనం ‘బురూజ్’; ఖురాన్ 85వ సూరా పేరు అదే. గ్రీకు ‘పిర్గోస్’ నుంచి వచ్చిన మాట అని చాలామంది పండితులు అంటారు. అరబ్బు నిఘంటుకారులు మాత్రం దీన్ని ‘తబర్రుజ్’తో, అంటే సింగారాన్ని నలుగురికీ కనబడేలా చూపుకోవడంతో, ముడిపెట్టారు. వ్యుత్పత్తి ఏదైనా, ఈ హోటల్‌కు అతికేది ఆ రెండో అర్థమే.

టామ్ రైట్ గీసిన ఈ 321 మీటర్ల కట్టడాన్ని 1999 డిసెంబరులో తెరిచారు. ఒడ్డుకు 280 మీటర్ల దూరంలో సముద్రంలోనే దీవి పోశారు. కింద గట్టి రాయి అందుబాటులో లేక, లోతుగా దించిన కాంక్రీటు స్తంభాలను ఇసుక రాపిడి పట్టుతోనే నిలబెట్టారు. రాతి గుట్టను చూసుకుని లేచిన గోల్కొండ బురుజులకు ఇది పూర్తిగా ఎదురు పద్ధతి. లోపల ప్రతి సూట్‌కూ రెండంతస్తులు. గోడలకూ స్తంభాలకూ బంగారు రేకు తాపడం. హెలిప్యాడ్ మీద 2005లో ఫెదరర్, అగస్సీ టెన్నిస్ ఆడారు. ఈ హంగులన్నిటికన్నా నన్ను ఆపేది అక్కడి ఒక రెస్టారెంటు పేరు: అల్ మహారా. అంటే ముత్యపు చిప్ప. చమురు పడక ముందు ఈ తీరం బతికింది ముత్యాల వేట మీదే. గజ ఈతగాళ్లు ఊపిరి బిగబట్టి అడుగుకు దిగి చిప్పలు ఏరుకొచ్చేవాళ్లు. ఇంత ఖరీదైన భోజనశాలకు ఆ కష్టజీవుల మాట పెట్టడం నాకు నచ్చింది.

మన అర్థంలోని బురుజు కూడా దుబాయ్‌లో ఉంది. దేరాలోని బుర్జ్ నహార్‌ను 1870లో ఊరి కాపలాకు కట్టారు. గుండ్రటిది, పొట్టిది, దిటవైనది. దేరాలో ఉండే తెలుగువాళ్లు సెలవు రోజున నడిచి వెళ్లి చూసి రావచ్చు.