నిద్రమందు మూర్ఛకు మందైన వేళ

మూర్ఛ వచ్చి మనిషి పడిపోతే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మన గోదావరి జిల్లాల్లో ఇంకా కనిపిస్తుంది. ఫిట్స్ చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే తగ్గుతాయి, ఘనత మాత్రం ఇనుముకు దక్కుతుంది. మళ్లీ రాకుండా చూడడమే అసలు కష్టం.

1857లో లండన్ వైద్యుడు చార్లెస్ లోకాక్ బ్రోమైడ్ అనే లవణం గుణం చెప్పాక, అర్ధశతాబ్దం పాటు రోగులకు అదే దిక్కు. ఫిట్స్ తగ్గేవి, కానీ ఒళ్లంతా పొక్కులు లేచి మనిషి మొద్దుబారిపోయేవాడు.

1864లో జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ బార్బిట్యూరిక్ ఆమ్లం తయారుచేశాడు. అది మందుగా కొరగాలేదు. దాదాపు నలభై ఏళ్లకు ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మెరింగ్ దాని అణువును కాస్త మారిస్తే నిద్ర పట్టించే గుణం వచ్చింది. 1912లో బేయర్ కంపెనీ (పేరు కలిసిందే తప్ప ఆ శాస్త్రవేత్తది కాదు) ఆ కోవలోనిదే ఫినోబార్బిటాల్‌ను విడుదల చేసింది. అదీ నిద్రకూ, మనసులోని అలజడికీ మాత్రమే.

ఫ్రైబుర్గ్ ఆస్పత్రిలో ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే కుర్ర డాక్టరు మూర్ఛరోగుల వార్డు దగ్గరే ఉండేవాడు. రాత్రుళ్లు వాళ్లు ఫిట్స్‌తో మంచాల మీంచి పడుతుంటే ఆయనకు కంటిమీద కునుకుండేది కాదట. హాయిగా నిద్రపోతారని కొత్త మందు ఇచ్చాడు. రాత్రి ఫిట్స్ తగ్గాయి. తెల్లవారాక చూస్తే పగటివీ తగ్గాయి! నిద్రమందే కదా అని వదిలేయకుండా ఆ తేడాను పట్టుకోవడంలోనే ఆయన గొప్పతనమంతా ఉంది. అదే ఏడాది ప్రకటించాడు. కానీ యూదుడన్న కారణంతో 1935లో నాజీలు ఆయన ఉద్యోగం ఊడగొట్టారు, 1938లో డాహౌ శిబిరంలో పెట్టారు. ప్రాణాలతో బయటపడి చివరికి బోస్టన్ చేరాడు.

ఆ నగరంలోనే హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిన మనవాడు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో మెట్రిక్ తప్పి, మద్రాసులో గట్టెక్కిన మనిషి. స్ప్రూ అనే పేగుజబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని కొద్దిరోజుల తేడాలో మింగేసింది, ఆయన్నూ పీడించింది. దాని అంతుచూడాలన్న పట్టుదల ఆయన్ని వదల్లేదు. 1945 నాటికి లెడర్లీలో ఆయన బృందం, ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది.

హాప్ట్‌మన్, సుబ్బారావు ఇద్దరూ 1948లోనే కన్నుమూశారు. 1950లలో వైద్యులకు కొత్త చిక్కు ఎదురైంది. ఏళ్ల తరబడి ఫినోబార్బిటాల్ వంటి మూర్ఛమందులు వాడేవారిలో కొందరికి ఒక రకం రక్తహీనత వస్తోంది. ఆ మందులు ఒంట్లో ఫోలిక్ ఆమ్లం కోవకే చెందిన ఫోలేట్‌ను తగ్గిస్తున్నాయని క్రమంగా తేలింది. ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం కుదుటపడింది. మూర్ఛమందు వాడే ఆడవాళ్లకు కడుపు రాకముందు నుంచే ఈ మాత్ర రాయడం ఇప్పుడు మామూలే. ఫినోబార్బిటాల్‌ను మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా మానకూడదు. మానితే ఫిట్స్ మరింత ఉధృతంగా తిరగబెట్టొచ్చు.