టూరిస్టు బస్సు ఆగని చోటు

పొద్దున్నే సోమాజిగూడ హోటళ్ల ముందు చిన్న వ్యాన్లు, ట్యాక్సీలు వరస కడతాయి. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లను ఎక్కించుకుని చార్మినార్ వైపో, గోల్కొండ వైపో వెళ్లిపోతాయి. రాత్రి బస సోమాజిగూడలో, చూసేది మాత్రం ఎక్కడో. ఇక్కడ చూడ్డానికేమీ లేదా అంటే, రాజ్‌భవన్ రోడ్డు మీదే బెల్లా విస్టా ఉంది. బేరార్ యువరాజు ఆజంజా ఒకప్పటి నివాసమది. 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఇప్పుడు అందులో నడుస్తోంది. మరికాస్త అవతల, ఖైరతాబాద్ నుంచి పంజాగుట్ట పోయే దారి పక్కన గుట్ట మీద ఎర్రమంజిల్ మహలు ఉంది. ఈ రెండు చోట్లా సిటీ టూర్ బస్సు ఆగదు. ఆగాల్సిన చోట్ల జాబితా ఎలా తయారైంది, ఎవరు తయారుచేశారు, దాన్ని దాటి చూడ్డం ఎప్పుడు మొదలైంది? హైదరాబాదును తిప్పి చూపించడం అనే పనికి ఉన్న చరిత్ర అంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది.

కుతుబ్‌షాహీల కాలంలో ఈ నగరానికి వచ్చిన పరదేశీల్లో చాలామంది చూడ్డానికని రాలేదు, పని మీద వచ్చారు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే గోల్కొండ వజ్రాల కోసం వచ్చాడు. అతని దేశంవాడే అయిన తెవెనో కూడా ఆ శతాబ్దంలోనే వచ్చి చూసింది చూసినట్టు రాసుకున్నాడు. భాష తెలిసిన మనిషి తోడు లేకపోతే అలాంటివాళ్లకు ఊళ్లో అడుగు పడదు. గైడుకు పూర్వీకుడు ఎవరంటే నేను దుబాసీ పేరే చెబుతాను.

మన తెలుగు యాత్రికుడు ఏనుగుల వీరాస్వామి స్వయంగా దుబాసీ. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా చేసేవాడు. 1830లో సుమారు వంద మంది పరివారంతో కాశీకి బయల్దేరి, దారిలో హైదరాబాదులో ఆగాడు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. మన పట్నాన్ని ఒక తెలుగువాడు కొత్త కళ్లతో చూసి తెలుగులో రాసిపెట్టిన తొలినాళ్ల పుస్తకమది. ఆ సంగతి నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఎందుకో చివర చెబుతాను.

1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు పడింది. ఇంగ్లండులో థామస్ కుక్ 1841లోనే ఐదు వందల మందిని ఒకే రైల్లో ఎక్కించి, గుంపు ప్రయాణాన్ని వ్యాపారంగా మార్చే దారి వేశాడు. ఇక్కడ రైలు వచ్చాక పుస్తకం వచ్చింది. 1883-84లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, విల్మట్ కలిసి నిజాం రాజ్యం మీద రెండు సంపుటాల వర్ణన తెచ్చారు. రాజా దీన్‌దయాళ్ కెమెరా నగరంలోని మహళ్లనూ దర్వాజాలనూ ఎక్కడెక్కడి వాళ్లకో చూపించింది. 1914లో గులాం యజ్దానీ డైరెక్టరుగా నిజాం సర్కారు పురావస్తు శాఖ ఏర్పడింది. 1927లో సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ ‘ల్యాండ్‌మార్క్స్ ఆఫ్ ది డెక్కన్’ వెలువరించాడు. నగరంలోనూ శివార్లలోనూ ఉన్న మసీదులు, సమాధులు, కమానులు, శాసనాలను వరసగా చెప్పుకుంటూ పోయే పుస్తకమది. చేత్తో పట్టుకుని తిరగడానికి బరువే గానీ, ఈనాటికీ హైదరాబాదు వీధుల్లో నడిపించేవాళ్లు దాని దగ్గరికి వెళ్లక తప్పదు.

తర్వాత బస్సు. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1951 డిసెంబరు 16న సాలార్‌జంగ్ మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభించాడు. అది దివాన్ దేవిడీలో మొదలై 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. 1976లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ ఏర్పడింది. బిర్లా మందిర్, చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు అనే వరస జనం నోటికి వచ్చేసింది కూడా సిటీ టూర్ బస్సుల కాలంలోనే. ఆ బస్సును తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. జిల్లాల నుంచి పిల్లాజెల్లాతో వచ్చిన కుటుంబాలకు, ఆటో బేరాలు తెలియని పెద్దవాళ్లకు, ఒక్క టిక్కెట్టుతో పట్నం చూసే భాగ్యం కలిగించింది అదే. నా చిన్నప్పుడు నేను చూసిన హైదరాబాదూ బస్సు కిటికీలోదే. సాలార్‌జంగ్‌లో సంగీత గడియారం ముందు జనం చేరారు. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేదాకా ఆగుదామని మా అమ్మ అంది. బస్సు పోతుందని మా నాన్న చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. ఆ బొమ్మను నేను చూసింది చాలా ఏళ్ల తర్వాత.

నలభై మందికి ఒక్క గైడు ఉన్నప్పుడు జరిగేది అదే. గోల్కొండ కోట ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సారులో వినబడుతుందని అందరికీ చెబుతారు. నలభై మందీ ఒకేసారి కొడతారు, పెద్ద చప్పుడవుతుంది, అందరూ నవ్వుకుని ముందుకు కదులుతారు. ఎనిమిది మందితో వెళ్లినప్పుడు ఒక గైడు మమ్మల్ని నిశ్శబ్దంగా ఉండమని, ఒక్కడే గుమ్మటం నడుమ నిలబడి కొట్టాడు. తర్వాత రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ కొట్టాడు. రెండో చప్పుడు అక్కడికక్కడే పడిపోయింది. కోట కట్టినవాళ్లు శబ్దాన్ని కాపలాకు ఎలా వాడుకున్నారో ఆ రెండు చప్పట్ల మధ్య తేడాలో అర్థమైంది.

చిన్న గుంపుల నడక హైదరాబాదులో నెమ్మదిగా వేళ్లూనుకుంది. 1984లో ఏర్పడిన వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ నగరశాఖ పాత కట్టడాల కోసం గొంతెత్తుతూ వచ్చింది. చార్మినార్ నుంచి లాడ్‌బజార్ మీదుగా చౌమహల్లా మహలు దాకా వారసత్వ నడకలు మొదలయ్యాయి. చౌమహల్లా బాగుచేతకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం అందింది. 2013 నుంచి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు పని సాగింది. ఈ మధ్యకాలంలో ఆర్కిటెక్టులు, విలేఖరులు, చరిత్ర విద్యార్థులు, డెక్కన్ ఆర్కైవ్ లాంటి బృందాలు ఆదివారం పొద్దున పదీ పదిహేను మందిని వెంటేసుకుని గల్లీల్లోకి వెళ్తున్నారు.

గల్లీల్లోకి వెళ్లడమే ఈ నడకలోని అసలు మార్పు. లాడ్‌బజార్ లోపలి సందుల్లో లక్కగాజుల పనివాళ్ల గదులు ఉంటాయి. ఆరుగురు కూర్చుంటే నిండిపోతాయి. బొగ్గుల మీద లక్కను వేడిచేసి, మెత్తబడగానే సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి రెండు కొసలూ అతికిస్తారు. లక్క చల్లారేలోపే మెరిసే రాళ్లను ఒక్కొక్కటిగా అద్దాలి. చూస్తున్నంతసేపూ ఆ పనివాడి వేళ్లు నిప్పు దగ్గరే ఉన్నాయి. ఒక్క గాజును పట్టుకుని అన్ని రాళ్లు పెట్టినవాడి ముందు కూర్చుని వచ్చాక, బజారులో బేరం ఆడడానికి నాకు నోరు రాలేదు. ఆ గదికి బస్సు వెళ్లదు, బస్సు నిండా జనమూ వెళ్లలేరు.

ఇక ఎర్రమంజిల్. 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఈ మహలులో నూటయాభైకి పైగా గదులు. గుట్ట మట్టి ఎర్రన, కాబట్టి తెలుగువాళ్లకు అది ఎర్రగడ్డ. పారసీలో ఇరమ్ అంటే స్వర్గవనం. రెండు భాషలకూ కుదిరేలా నవాబు పేరు పెట్టాడని చెప్పుకుంటారు. ఇరమ్ మంజిల్ అనేవాళ్లు తగ్గిపోయారు, ఎర్రమంజిల్ మిగిలింది. నగరం ఇన్నాళ్లూ రెండు నాలుకలతో ఎలా బతికిందో చెప్పడానికి ఇంతకంటే మంచి పేరు నాకు తెలియదు.

తర్వాత అది ప్రభుత్వ ఇంజనీర్ల ఆఫీసుగా మారింది. వారసత్వ కట్టడాల జాబితాలో ఉండేది. ఆ జాబితాకు ఆధారమైన రెగ్యులేషన్ 13ను 2015లో ప్రభుత్వం తొలగించింది. 2019 జూన్ 27న ఆ స్థలంలో కొత్త శాసనసభ భవనానికి శంకుస్థాపన జరిగింది. మహలును కూల్చాలన్నది ఆలోచన. అంతవరకూ మెట్రో రైల్లోంచి కూడా ఆ గుట్ట వైపు తల తిప్పనివాళ్లు ఆ రోజుల్లో దాన్ని చూడ్డానికి వచ్చారు. ఫఖ్రుల్ ముల్క్ వారసులు, చరిత్రాభిమానులు, ఆర్కిటెక్చర్ విద్యార్థులు గొంతు కలిపారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. మహలు నిలిచింది. గెలిచింది న్యాయస్థానంలో అయినా, ఒక కట్టడం పేరు చెప్పి దాని కథ చెప్పగలిగే మనుషులు అప్పటికే నగరంలో తయారై ఉండడం వల్ల కూడా ఆ గొంతుకు బలం వచ్చిందని నా నమ్మకం. ఎవరూ చూడనిది పోతే ఎవరికీ తెలియదు.

ఇప్పుడు వీరాస్వామి దగ్గరికి వస్తాను. నేను వెళ్లిన నడకల్లో మాటలు ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగాయి, మధ్యమధ్య దక్కనీ ఉర్దూ. తెలుగు చాలా తక్కువ వినబడింది. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఒక తెలుగువాడు ఈ నగరం గురించి తెలుగులో రాయగలిగాడు. ఎర్రమంజిల్ పేరులో సగం తెలుగే. అమీర్‌పేటలో కోచింగుల కోసం రెండు రాష్ట్రాల నుంచీ వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు ఆ గుట్టకు రెండు మెట్రో స్టేషన్ల దూరంలోనే ఉన్నారు. వాళ్లకు దాని కథ వాళ్ల భాషలో చెప్పేవాళ్లు కావాలి.

ఏటా నవంబరు 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో ఒక్కరోజైనా మీ ఇంట్లో పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక నడకకు వెళ్లండి. నడిపించేవారిని తెలుగులో చెప్పమని అడగండి. ఆయనకు తెలుగు రాకపోతే, విన్నది విన్నట్టు పక్కవాళ్లకు మీరే తెలుగులో చెప్పండి.