ఆలస్యపు నిద్రకు ఆంగ్లంలో సరైన మాట ఏది?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అక్కడి అత్తిమంజేరిపేట వంటి గ్రామాల తెలుగు పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఆంగ్లం ఎదురవుతాయి.

పరీక్షకు చదివి అర్ధరాత్రి పడుకున్న విద్యార్థి, మరునాడు బడికి ఆలస్యమైతే లేఖలో ‘ఐ స్లెప్ట్ లేట్’ అని వ్రాస్తాడు. ఆలస్యంగా పడుకున్నానని అతని భావం. కాని ఆంగ్లేయులకు అది ‘పొద్దెక్కేదాకా నిద్రపోయాను’ అని అర్థమవుతుంది. కష్టపడిన బిడ్డ సోమరిగా కనబడతాడు. కనుక ఈ భేదాలను గుర్తించాలి.

స్టే అప్ లేట్: రాత్రి చాలాసేపు మేలుకొని ఉండుట.

స్లీప్ ఇన్: సెలవునాడు కావాలనే ఆలస్యంగా లేచుట. బ్రిటన్‌లో ‘లై ఇన్’ అని కూడా అంటారు.

ఓవర్‌స్లీప్: లేవవలసిన వేళ దాటినా మెలకువ రాకపోవుట. ఇందులో ఇష్టం లేదు, పొరపాటే ఉంది. దీనిని ఒకే పదంగా వ్రాయాలి.

స్లీప్ ఓవర్: ఇతరుల ఇంట రాత్రి బస చేయుట. ‘ఓవర్’ వెనుకకు జరిగితే అర్థమే మారిపోతుంది.

వ్రాసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆలస్యమైనది పడుకొనుటా, లేచుటా? లేచుటే అయితే, అది కావాలని జరిగిందా, పొరపాటునా? పై విద్యార్థి వ్రాయవలసిన వాక్యం ఇది: ‘ఐ స్టేడ్ అప్ లేట్ టు స్టడీ అండ్ ఓవర్‌స్లెప్ట్.’ తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యాన్ని పిల్లలచేత పలికించినా మేలు.