జాంబెజీ మీద ఉక్కు వంతెన

నా ఉద్యోగమంతా రైల్వే వంతెనల విభాగంలోనే గడిచింది. రాజమండ్రి హేవలాక్ వంతెనకు గోదావరిలో పిల్లర్లు దింపి గర్డర్లు పరిచారు. ఆఫ్రికాలో జాంబెజీ మీద ఆ వీలు లేదు. విక్టోరియా జలపాతం దిగువన నది నిట్టనిలువు రాతిలోయలో ఉరకలు వేస్తుంది. వంతెన నుంచి నీళ్లకు 128 మీటర్ల లోతు. అందుకే ఒకే ఆర్చి వేశారు.

కేప్‌టౌన్ నుంచి కైరో దాకా రైలు వెయ్యాలన్నది బ్రిటిష్ సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ పట్టుదల. జలపాతం తుంపరలు బోగీల మీద పడాలని ఆయనే కోరాడట. పని మొదలు కాకముందే 1902లో పోయాడు. ఇంగ్లండులోని డార్లింగ్టన్‌లో చేసిన ఉక్కు భాగాలు ఓడలో బెయిరా రేవుకు, అక్కణ్నుంచి రైల్లో లోయ అంచుకు చేరాయి. ఇటు సగం, అటు సగం కట్టుకుంటూ వచ్చారు. తీరా కలిపే వేళకు ఎండకు ఉక్కు సాగి, చివరి భాగం పట్టలేదు. అంగుళానికి పైగా తేడా! సుత్తి దెబ్బలతో లొంగే పని కాదది. రాత్రి చల్లబడే దాకా ఆగారు. 1905 ఏప్రిల్ 1 ఉదయానికి ఉక్కు ముడుచుకుంది, ముక్క సరిగ్గా కూర్చుంది. ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను.

అప్పట్లో రెండు గట్లూ బ్రిటిష్ వాళ్లవే. 1964లో ఉత్తరపు గట్టు స్వతంత్ర జాంబియా అయింది. దక్షిణాన రొడీషియాలో తెల్లవాళ్ల పెత్తనం సాగింది. 1973లో సరిహద్దు మూతపడింది. 1975 ఆగస్టు 26న వంతెన నడిమధ్య నిలిపిన రైలు పెట్టెలో రొడీషియా ప్రధాని ఇయాన్ స్మిత్, అక్కడి నల్లజాతి నాయకులు ఎదురెదురుగా కూర్చున్నారు. సరిహద్దు గీత ఆ పెట్టె మధ్యగా పోయింది. చర్చలు విఫలమయ్యాయి.

రొడీషియా దారితో పనిలేకుండా ఉండాలని జాంబియా, టాంజానియాతో కలిసి, చైనా సాయంతో దారెస్సలామ్‌కు 1,860 కిలోమీటర్ల కొత్త లైను వేసుకుంది. అయినా 1978లో సాగుకు ఎరువులు అందని పరిస్థితి రావడంతో, ప్రెసిడెంట్ కౌండా దక్షిణపు రైలు దారిని మళ్లీ తెరిచాడు. శత్రువు గడ్డ మీదుగానే ఎరువులు తెప్పించుకోక తప్పలేదు.

ఈ వంతెన పేరెత్తగానే అందరూ రోడ్స్ కల గురించే చెబుతారు. ఆ రైలు కైరో దాకా పోనేలేదు. వంతెన మాత్రం రాగినీ ఎరువునీ మోసింది, ఇప్పటికీ జాంబియాకూ, ఒకప్పటి రొడీషియా అయిన జింబాబ్వేకూ మధ్య సరుకు మోస్తోంది. దాని గొప్పతనాన్ని ఆ సరుకుతోనే కొలవాలి.