వెల చెల్లించినా తీరని దోషం



పరుల సొమ్మును ఆశించరాదన్న మాట మనకు కొత్త కాదు. అరిషడ్వర్గంలో లోభాన్ని గురించి చదువుకున్న మనకు అది మనసును అదుపులో ఉంచుకొమ్మనే హితవుగానే తోస్తుంది. యూదు ధర్మవేత్తలు ఆ మాటను క్రయవిక్రయాల దాకా తీసుకువచ్చి విచారించిన తీరు నన్ను ఆశ్చర్యపరచింది. ఆ విచారణనే ఇక్కడ సంగ్రహంగా మనవి చేస్తాను.

పది ఆజ్ఞలు యూదుల తోరాలో రెండు చోట్ల కనిపిస్తాయి. నిర్గమకాండంలోని చివరి ఆజ్ఞలో రెండుసార్లూ 'తహ్మోద్' అన్న క్రియే ఉంది. ద్వితీయోపదేశకాండంలో పొరుగువాని ఇల్లు, పొలం మొదలైనవాటిని చెప్పేచోట 'తిత్అవ్వె' అన్న వేరొక క్రియ వచ్చింది. శబ్దం మారితే అర్థమూ మారాలి కదా! వ్యాకరణం చదువుకున్నవాడిని కనుక నన్ను మొదట ఆకట్టుకున్నది ఈ భేదమే.

12వ శతాబ్దిలో స్పెయిన్‌లోని కోర్డోబాలో పుట్టి ఈజిప్టులో స్థిరపడిన మైమోనిడీస్, తన 'మిష్నే తోరా'లో ఈ రెంటినీ రెండు వేర్వేరు నిషేధాలుగా నిరూపించాడు. ఇతరుని వస్తువును ఎలా దక్కించుకోవాలా అని మనసులో ఉపాయం పన్నడం మొదలుపెట్టగానే రెండవ క్రియ చెప్పిన దోషం అంటుతుంది. ఆపైన స్నేహితులను పంపి, పదే పదే వేధించి, చివరికి ఆ వస్తువును కొనుక్కుంటే మొదటి క్రియ చెప్పిన దోషమూ తోడవుతుంది. ఎంత పెద్ద వెల ఇచ్చినా ఆ దోషం పోదు. మన భాషలో చెప్పాలంటే ఇది 'మొగమాటపెట్టి' కొనడం. అడగనిదే అమ్మైనా పెట్టదు. అడగడం వేరు, కాదన్నవాణ్ణి ఊపిరాడనీయకపోవడం వేరు.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. ఈ ఆజ్ఞ వెల ఇవ్వకుండా తీసుకోవడాన్నే నిషేధిస్తున్నదని జనులు భావిస్తారని తాల్మూదే చెబుతున్నది. ఫ్రాన్సు దక్షిణ ప్రాంతపు పండితుడు, మైమోనిడీస్ సమకాలికుడు అబ్రహాం బెన్ దావీదు, అమ్మినవాడు "నాకు సమ్మతమే" అనకపోతేనే దోషమన్నాడు. బలవంతపు అమ్మకం కూడా అమ్మకంగా చెల్లుతుందన్న సూత్రమూ తాల్మూదులో ఉంది. మైమోనిడీస్ ఆ సూత్రాన్ని కాదనలేదు. అంటే, ఆయన మతంలో ఒకే బేరం వ్యవహారంలో చెల్లవచ్చు, ధర్మం ముందు దోషంగానే నిలవవచ్చు! ఈ దోషానికి కొరడా దెబ్బల శిక్షను మాత్రం ఆయన విధించలేదు. 16వ శతాబ్దిలో యోసేఫు కారో కూర్చిన 'షుల్హాన్ ఆరూఖ్' ఈ విషయంలో మైమోనిడీస్ మార్గాన్నే అనుసరించింది.

కోరిక ముదిరి దోపిడీగా, దోపిడీ ముదిరి హత్యగా పరిణమిస్తుందనడానికి మైమోనిడీస్ అహాబు రాజు కథను చూపాడు. యెజ్రెయేలులో నాబోతు ద్రాక్షతోటను రాజు ఊరకే అడగలేదు. అంతకంటె మంచి తోటనో, తగిన సొమ్మునో ఇస్తానన్నాడు. పిత్రార్జితాన్ని ఇవ్వనన్నాడు నాబోతు. రాణి యెజెబెలు అబద్ధపు సాక్షులను నిలిపి అతణ్ణి రాళ్లతో కొట్టించి చంపించింది. బేరం న్యాయమైనదే. రాజు సహించలేనిది "ఇవ్వను" అన్న ఒక్క మాటను.

అప్పుల విషయంలోనూ ఈ శాస్త్రం ఒత్తిడికి హద్దు గీసింది. తాకట్టు వస్తువు కోసం అప్పిచ్చినవాడు రుణగ్రస్తుని ఇంట్లో అడుగుపెట్టరాదు. బయటనే నిలిచి ఉండాలి. బాకీదారు వద్ద చెల్లించడానికి ఏమీ లేదని తెలిసినప్పుడు అతని ఎదుట నడిచి వెళ్లడమే తగదన్నది తాల్మూదు. నోరు విప్పి అడగకపోయినా, కనిపించడమే అడగడమని ఆ పెద్దలు గ్రహించారు.

వస్తువుకు వెల కట్టవచ్చు. "ఇవ్వను" అనగల స్వేచ్ఛకు వెల కట్టలేము. ఈ చర్చలో నాకు దొరికిన సారం ఇదే. పెళ్లిచూపుల నుండి స్థలాల బేరాల దాకా పెద్దమనుషులను వెంటబెట్టుకుపోయి 'ఒప్పించే' మనం, ఒప్పుకున్నవాడు నిజంగా ఒప్పుకున్నాడా అని ఒకసారి ప్రశ్నించుకోవడం మంచిది. విజ్ఞులైన మీరేమంటారు?