తిని పారేసిన ఎముకల్లో కాపరుల చరిత్ర

శాసనం ఉండాలి, నాణెం ఉండాలి, రాజు పేరు ఉండాలి. ఇవి లేనివాళ్లకు చరిత్ర లేదని మనకు బడిలో చెప్పకనే చెబుతారు. మేం ఒప్పుకోం. రాత లేని కొండ కాపరులు తిని పారేసిన ఎముకలు కూడా సాక్ష్యమే.

ఇరాన్ పడమట జాగ్రోస్ కొండల్లో, దాదాపు 1,400 మీటర్ల ఎత్తున, గంజ్ దరే అనే చిన్న దిబ్బ ఉంది. 1960, 70 దశకాల్లో ఫిలిప్ స్మిత్ అక్కడ తవ్వకాలు జరిపాడు. సుమారు పదివేల ఏళ్ల కిందటి మట్టి ఇళ్లు, వాటితోపాటు లెక్కకు మించి మేక ఎముకలు బయటపడ్డాయి. అవి వేటాడిన మేకలా, పెంచుకున్నవా?

పెంపకంలో జంతువు చిన్నదవుతుందని, కాబట్టి చిన్న ఎముక పెంపుడు మేకదని పండితులు చాలాకాలం తీర్పు చెప్పారు. మెలిండా జీడర్, బ్రయన్ హెస్సె 2000లో అచ్చయిన పరిశోధనలో వేరే దారి పట్టారు. పోతు ఎముక పెద్దది, ఆడమేక ఎముక సన్నం. లేత మేకకు కాలి ఎముక కొస విడిగా ఉంటుంది, వయసు వచ్చాక అతుక్కుంటుంది. ఏ ఎముక ఏ వయసులో అతుక్కుంటుందో తెలుసు. (పండగ నాటి కూరలో ఈ తేడా చూపించి ఉపాధ్యాయులు పాఠం చెప్పొచ్చు. ఖర్చేమీ లేదు.) రెండూ కలిపి చూస్తే ఒక సంగతి తేలింది: గంజ్ దరేలో పోతుల్ని చాలావరకు లేతగా ఉన్నప్పుడే కోశారు, ఆడమేకల్ని ఏళ్ల తరబడి ఉంచుకున్నారు.

దీని అర్థం మేకలు కాసే పిల్లవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మందకు కొన్ని పోతులు చాలు. ఈనే మేకను ఎవరు కోసుకుంటారు? వేటగాడి లెక్క వేరు, అతని కన్ను మాంసం ఎక్కువున్న పెద్ద పోతు మీద ఉంటుంది. అంటే అవి కాపరుల ఎముకలు. మేక ఒళ్లు ఇంకా అడవి మేకంత పెద్దదే, మంద మాత్రం అప్పటికే మనిషి చేతికి వచ్చింది. పళ్లు చూసి మేక వయసు చెప్పే మన పెద్దలు ఇలాంటి పరిశోధనకు పరాయివాళ్లు కారు.

అక్కడి పచ్చి ఇటుకల మీద మేకల గిట్టల ముద్రలు కూడా ఉన్నాయి. ఆరబెట్టిన ఇటుకల మీద మేకలు నడిచిపోయాయన్నమాట.

గిట్టల ముద్రలు మన దగ్గరా దొరికాయి, కాకపోతే పశువులవి. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు (ఆదిలాబాద్ ఏజెన్సీ ఉట్నూరు కాదు) బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వాడు. దక్కన్‌లో ఇలాంటి దిబ్బల్ని రాక్షసుల్ని కాల్చిన బూడిద అని చెప్పుకునేవారు. తవ్వి చూస్తే నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి. చుట్టూ పాతిన గుంజల గుంతలు, లోపల కాలిన పేడ, దాని మీద గిట్టల ముద్రలు.